బియ్యం మూట అన్నవాళ్లకు మన జవాబు



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో జరిగిన సంగతి ఈపాటికి మీ అందరి చెవినా పడే ఉంటుంది. ఒకరి నుంచి ఒకరికి చేరేసరికి మాట మారింది. "కమిటీవాళ్లు భయపడ్డారు, మన కుర్రాడి నోరు నొక్కేశారు" అని కొందరు అంటున్నారట. అందుకే ఇది రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది. చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

జరిగింది ఇది. మన కుర్రాడొకడు ఓఎంఆర్ మీద ఒక ఐటీ ఆఫీసులో పనిచేస్తున్నాడు. క్రిస్మస్‌కి నాలుగు రోజులు సెలవు కావాలని టీము గ్రూపులో మెసేజ్ పెట్టాడు. తోటి ఉద్యోగి ఒకడు దాని కింద బియ్యం మూట బొమ్మ పెట్టి, "ఇంతకీ మీ తాతకి ఎన్ని మూటలిచ్చారు?" అని రాశాడు. పెట్టినవాడూ తెలుగువాడే. పదిమంది నవ్వు బొమ్మలు పెట్టారు. మన కుర్రాడి పక్క సీటులో కూర్చుని రోజూ వాడి టిఫిను బాక్సులోంచి తినేవాడు కూడా నవ్వాడు.

రెండు రోజులు కుర్రాడు సరిగా అన్నం తినలేదని వాళ్లమ్మ చెప్పింది. మూడో రోజు ఒక వీడియో తయారు చేశాడు. ఎదుటివాళ్ల దేవుళ్ల మీద, వాళ్ల పండుగల మీద, మొక్కుల మీద మూడు నిమిషాల వెక్కిరింత. పనితనం ఉన్న కుర్రాడు, నవ్వొచ్చేలాగే చేశాడు. దాన్ని మన గ్రూపులన్నిటిలో పంపమని అడిగాడు. మీటింగులో సగం మంది పంపుదామన్నారు. మేం వద్దన్నాం. ఆ వద్దన్నది భయంతో కాదు. ఎందుకో చెబుతాం.

ముందు ఆ తిట్టు ఏమిటో సరిగ్గా చూద్దాం. "బియ్యం మూట", "గొర్రె బిడ్డ", "క్రిప్టో" అని ఈ రోజుల్లో ఫోను తెరిస్తే చాలు, తెలుగులోనే కుప్పలు కుప్పలుగా కనిపిస్తాయి. ఇవి క్రీస్తును వెక్కిరిస్తున్నాయని మనం అనుకుంటాం. కాదు. బియ్యం మూట అన్నవాడికి క్రీస్తుతో పేచీ లేదు. వాడు చెప్పేది ఒకటే: మీ తాతలు పేదలు, పేదవాడికి పొట్ట ఉంటుంది గానీ బుద్ధి ఉండదు, కాబట్టి వాడు దేవుణ్ణి ఎంచుకోలేడు, ఎవడో వాణ్ణి కొనుక్కుంటాడు.

మన పల్లావరం కొండలో గుహాలయం తొలిపించిన మహేంద్రవర్మ పల్లవుడు జైనం వదిలి శైవంలోకి వచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన్ని ఎవరూ ఎన్ని మూటలిచ్చారని అడగలేదు. రాజు మారితే అది భక్తి. మాదిగవాడు మారితే అది బియ్యం. ఈ తిట్టు మతం బట్టలు వేసుకుని వచ్చిన కులం. ఇది అర్థమైతే సగం కోపం సరైన చోటికి మళ్లుతుంది. ఇది అర్థం కాకపోతే మన వీడియో వెళ్లి ఎవరికి తగులుతుందో చూడండి. మైలాపూరు గుడి ముందు పూలు కట్టి అమ్ముకునే అవ్వకు తగులుతుంది. ఆమె మనల్ని ఎప్పుడైనా ఒక్క మాట అందా?

ఇక మూట సంగతి. మన తాతలకు ఎన్ని మూటలిచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు ఉంది. ఆ జవాబు మన పిల్లలకు తెలియకపోవడం మన తప్పు.

బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వెళ్లే రైలు ఎక్కినప్పుడు, తిరుమయిలై దగ్గర కిందకి చూస్తే నల్లటి మురుగు కాలువ కనిపిస్తుంది. ముక్కు మూసుకుని తల తిప్పుకుంటాం. అది బకింగ్‌హామ్ కాలువ. ఆ ఊళ్లోది ఈ ఊళ్లోది కాదు, కాకినాడ నుంచి మరక్కాణం దాకా దాదాపు 800 కిలోమీటర్లు పోయే కాలువ. అందులో కొంత భాగం 1876-78 కరువులో ఆకలితో ఉన్న జనం తవ్వారు. మన నగరంలో కూవం నదినీ అడయారు నదినీ కలిపిన ముక్క కూడా ఆ కరువు పనిలోదే. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దానికి పెట్టారు.

ఆ కరువులో మద్రాసు రాజధాని అంతటా లక్షల మంది చచ్చిపోయారు. సర్కారు సహాయ శిబిరాల్లో కూలి ఎంతో తెలుసా? ఒక దశలో రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. అంటే అరకిలో కూడా లేని గింజలు తిని రోజంతా మట్టి మొయ్యాలి.

అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉన్నాడు. మిషనరీ కాకముందు ఆయన సర్వే పని తెలిసిన మనిషి. ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా ముక్కను ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. శిబిరం వేసి, వేల మందికి పని చూపించి, చేసిన పనికి కూలి ఇచ్చాడు. మన తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. అన్నం దానంగా పెట్టి పేరు రాసుకోలేదు. పారపట్టి తవ్వినవాడికి తవ్వినందుకు కూలి.

ఇప్పుడు అసలు మాట వినండి. ఆ శిబిరంలో, ఆ ఊళ్లలో వేల మంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. దాదాపు 15 నెలలు ఇవ్వలేదు. ఆకలి మీద ఉన్నప్పుడు ఇస్తే అన్నం కోసం వచ్చారన్న మాట పడుతుంది, వచ్చినవాడికే తన మనసు తనకు తెలియకుండా పోతుంది అని తలుపు మూసేశాడు. కాలువ పని అయిపోయాక, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర మళ్లీ తెరిచాడు. జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది నీళ్లలోకి దిగారు. వాళ్లకు బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు.

ఇదీ మూటల లెక్క. కరువు నడిమధ్యలో, బియ్యం పేరు చెప్పి వేల మందిని కలుపుకోగలిగిన రోజున, కలుపుకోమని ఆపినవాళ్లున్నారు. ఆ తిట్టు మన కుర్రాడి ఆఫీసులో పుట్టలేదు. అది వస్తుందని మనవాళ్లకు అప్పుడే తెలుసు. దానికి వాళ్లు ఎదురు తిట్టు వెతుక్కోలేదు. ఆ తిట్టు అబద్ధం అయ్యేలా బతికారు.

ఎవరైనా అడగవచ్చు, ఆకలి వాళ్లని శిబిరానికి తేలేదా అని. తెచ్చింది. దాచడం ఎందుకు? ఆకలైనవాడు తనను మనిషిలా చూసిన చెయ్యి ఎవరిదో అని తలెత్తి చూడడం నేరం కాదు. అయినా అందరూ కరువులోనే వచ్చారనడం చరిత్ర తెలియని మాట. ఎర్రగుంట్ల పేరయ్య ఒంగోలు ప్రాంతంలో తోలు పని చేసుకునే మాదిగ. గురువుల వెంట తిరిగి, యోగం నేర్చుకుని, దేవుణ్ణి వెతికిన మనిషి. ఆయన బాప్తిస్మం తీసుకుంది 1866లో, కరువుకు పదేళ్ల ముందు. తీసుకున్నాక ఆయనకూ ఆయన వెంట వచ్చినవాళ్లకూ మూటలు రాలేదు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు తినం, విగ్రహాల కొలువుకు రాం అన్నందుకు ఊరి పెద్దలు పని ఆపారు, నీళ్లు ఆపారు. ఉన్న గింజలు కూడా పోయాయి. బియ్యం కోసం వెళ్లినవాళ్లు బియ్యం పోగొట్టుకుని కూడా నిలబడతారా?

ఈ కథ మన కుర్రాడికి మీటింగులో చెప్పాం. వాడు అన్నాడు: "అంకుల్, బాగుంది. కానీ ఇది 150 ఏళ్ల కిందటి మాట. ఇప్పుడు వాళ్లు నవ్వుతున్నారు కదా, ఇప్పుడేం చేస్తాం?" సరైన ప్రశ్న. దానికి మూడు జవాబులు మన మధ్య తిరుగుతున్నాయి. మూడిటితోనూ మాకు పేచీ ఉంది.

మొదటిది, తిట్టుకు తిట్టు. దీని సంగతి చెప్పాం. ఇంకో మాట. భారతీయ న్యాయ సంహితలో 299 సెక్షన్ ఉంది, పాత 295ఏ. ఎవరి మతాన్నైనా కావాలని, దురుద్దేశంతో అవమానిస్తే మూడేళ్ల దాకా శిక్ష. మనల్ని వెక్కిరించినవాళ్ల మీద ఆ సెక్షన్ పెట్టాలని మీటింగులో అరిచినవాళ్లే, అదే నోటితో ఆ వీడియో పంపుదామన్నారు. పంపితే ఆ సెక్షన్ ముందు ఎవరి మీద పడుతుంది? ఇరవై ఐదేళ్ల కుర్రాడి మీద. వాణ్ణి ముందుకు తోసి వెనక నుంచి చప్పట్లు కొట్టేవాళ్లం కాలేం.

రెండోది, నోరు మూసుకుని పడి ఉండడం. "ప్రభువు చూసుకుంటాడు బాబూ, రెండో చెంప చూపించు" అని ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాం, రెండో చెంప అంటే పిరికితనం కాదు. ఫిలిప్పీలో పౌలును విచారణ లేకుండా కొట్టి జైల్లో వేశారు. మర్నాడు రహస్యంగా పొమ్మంటే ఆయన పోలేదు. నేను రోమా పౌరుణ్ణి, కొట్టినవాళ్లే వచ్చి నన్ను బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. ఆ తర్వాత మరో కేసులో కైసరు దగ్గరికే అప్పీలు చేసుకున్నాడు. అపొస్తలుల కార్యాలు 16, 25 అధ్యాయాలు తీసి చూడండి. మనకూ రాజ్యాంగం ఉంది, 25వ అధికరణం ఉంది. వెక్కిరిస్తే ఓర్చుకుందాం. గుడి మీద రాయి పడితే, పాస్టరుగారి మీద చెయ్యి పడితే, ఆడపిల్లను రోడ్డు మీద ఆపి బెదిరిస్తే, పోలీస్ స్టేషనుకు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇద్దాం, వకీలును పెట్టుకుందాం. మాట వేరు, దెబ్బ వేరు. రెండిటికీ ఒకే మందు వెయ్యకూడదు.

గ్లాడిస్ స్టెయిన్స్ గారు మనకు ఇది చూపించారు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్‌ని, ఇద్దరు చిన్న కొడుకుల్ని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె చంపినవాళ్లను క్షమించానని చెప్పారు. అయితే చట్టం తన పని తాను చేయాలని కూడా చెప్పారు. దేశం వదిలి వెంటనే పోలేదు. బారిపదలో కుష్టు రోగుల ఆశ్రమం పని చూసుకుంటూ ఉన్నారు. 2005లో మన ప్రభుత్వమే ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. క్షమించడం అంటే కేసు మాఫీ చేయడం కాదు, పగ మాఫీ చేయడం. ఆమెకు జరిగిన దాని ముందు నవ్వు బొమ్మలు ఎంత?

మూడోది, దాక్కోవడం. ఆఫీసులో క్రైస్తవుడినని చెప్పకుండా ఉంటే గొడవే ఉండదు కదా అని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఇక్కడ ఇబ్బంది ఉందని మాకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవాళ్లే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారినంత మాత్రాన ఊరు మనల్ని చూసే చూపు మారలేదు, కాగితం మాత్రం మారింది. ఆ అన్యాయం మీద పోరాడాలి, గట్టిగా, బహిరంగంగా. కానీ ఆదివారం ఒక పేరు, సోమవారం ఒక పేరుతో బతికితే, "క్రిప్టో" అన్నవాడి చేతికి కర్ర ఇచ్చింది మనమే. ఇది వినడానికి చేదుగా ఉంటుంది. మన ఇళ్లలోనే ఉంది కాబట్టి చెబుతున్నాం.

చేదు మొదలైంది కాబట్టి పూర్తిగా చెప్పేస్తాం. మనల్ని చూసి నవ్వేవాళ్లకు నవ్వడానికి సరుకు ఎక్కడ దొరుకుతోంది? నూనె సీసా కొంటే షుగరు తగ్గుతుందని స్టేజీ మీద చెప్పే బోధకుల దగ్గర దొరుకుతోంది. మైకు పెట్టి పక్కింటివాళ్ల దేవుణ్ణి దయ్యం అనే వాళ్ల దగ్గర దొరుకుతోంది. క్రీస్తులో అందరం ఒకటే అని పాడి, పెళ్లి సంబంధం దగ్గర మాల క్రైస్తవులా మాదిగ క్రైస్తవులా అని అడిగే మన దగ్గర దొరుకుతోంది. మన రాష్ట్రంలోనే తిరుచ్చి మేలపుదూరులో క్రైస్తవ శ్మశానం మధ్య కులం గోడ కట్టుకున్నారు, చచ్చినవాళ్లను విడదీయడానికి. బయటివాడు అబద్ధం చెబితే బాధ లేదు. నిజం చెప్పినప్పుడు మనకు కోపం ఎక్కువ వస్తోంది. ఆ కోపాన్ని మాత్రం విశ్వాసం అనకండి.

మన జాషువా గారిని తలుచుకోండి. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాను కులం పేరు చెప్పి సభల్లో అవమానించారు. హిందూ కథలు పద్యాలు చేశాడని సొంతవాళ్లూ చిన్నచూపు చూశారు. అటు దెబ్బ, ఇటు దెబ్బ. ఆయన పద్యం ఆపలేదు. 1941లో గబ్బిలం రాశారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారే స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1957 నుంచి కొన్నేళ్లు ఆయన ఇదే మన ఊళ్లో, మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. 1964లో క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయన్ని అవమానించినవాళ్ల పేర్లు మీలో ఎంతమంది చెప్పగలరు?

మరి మన జవాబేమిటి? మా ప్రతిపాదన ఒకటే. అది చిన్నది, చాలామందికి నచ్చనిది. మీటింగులో అసలు గొడవ వీడియో మీద కాదు, దీని మీదే అయింది.

ప్రతి డిసెంబరులో మన అసోసియేషన్ తరఫున అయిదు కిలోల బియ్యం సంచులు పంచుతాం. పులియంతోపు, వ్యాసార్‌పాడి వైపు పారిశుధ్య పని చేసే కుటుంబాలకు, మనవాళ్లూ కానివాళ్లూ అని చూడకుండా. మంచి పని, ఆపవద్దు. కానీ సంచి మీద వాక్యం అచ్చు వేయిస్తాం. పంచే ముందు అరగంట ప్రసంగం పెడతాం. తల వంచుకుని సంచి తీసుకునే అక్క పక్కన నిలబడి ఫొటో దిగుతాం. ఆ ఫొటో అన్ని గ్రూపుల్లో పెడతాం. అదే ఫొటో మన కుర్రాడి ఆఫీసు దాకా వెళ్లింది. ఆ మూట బొమ్మ వెనక పెట్టింది ఏమిటో తెలుసా? పోయిన ఏడాది మన బ్యానరే.

కాబట్టి ఈ ఏడాది సంచి మీద అచ్చు వద్దు. ప్రసంగం వద్దు. ఫొటో వద్దు. సంచులు ఆయా ఇళ్లకు ముందు రోజు చేర్చేద్దాం, ఎవరూ లైనులో నిలబడకుండా.

"అంటే వాక్యం అంటే సిగ్గా?" అని ఒక అక్క గట్టిగా అడిగారు. కాదక్కా. వాక్యం మీద గౌరవం. దాన్ని బియ్యానికి కట్టి తూచకూడదు. ఆకలి ఉన్న చోట అన్నం పెడదాం. వినాలనుకున్నవాడికి వేరే రోజు, సమానంగా కూర్చుని, తలెత్తి అడిగినప్పుడు చెబుదాం. కుడి చెయ్యి చేసింది ఎడమ చేతికి తెలియకూడదని ప్రభువు చెప్పాడు. మనం రెండు చేతులకూ చెప్పి, బ్యానరు కట్టి, డ్రోనుతో వీడియో తీస్తున్నాం. క్లౌ, ఆయన బోధకులు 15 నెలలు తలుపు మూసుకున్నారు. మనం ఒక్క డిసెంబరు కెమెరా మూసుకోలేమా?

"అలా చేస్తే వాళ్లు నవ్వడం ఆపేస్తారా?" అని ఇంకొకరు అడిగారు. ఆపకపోవచ్చు. వాళ్ల నవ్వు ఆగడం కోసం కాదు ఇది. వాళ్లు నవ్వినప్పుడు మన పిల్లవాడు తలవంచుకోకుండా ఉండడం కోసం. మా దగ్గర అలాంటిది ఏమీ లేదు, వచ్చి చూసుకో అని చెప్పగలగడం కోసం. వెక్కిరింతను ఎదుర్కొనే విశ్వాసం అంటే మాకు తెలిసింది ఇంతే: వాళ్లు చెప్పింది అబద్ధంగా ఉండేలా చూసుకోవడం, అబద్ధంగా ఉన్నాక భయపడకుండా ఉండడం.

కుర్రాడి సంగతి అడుగుతారని తెలుసు. వీడియో తీసేశాడు. "మీ మాట మీద తీసేశాను, కానీ నా కోపం పోలేదు" అన్నాడు. పోనక్కర్లేదు తమ్ముడూ. ఆ కోపాన్ని నీ పక్క సీటువాడి మీద ఖర్చు పెట్టకు. వాడి దగ్గరికి నువ్వే వెళ్లి, గ్రూపులో కాకుండా ఎదురుగా, ఆ మాట నాకు నొప్పి కలిగించిందని చెప్పు. చెప్పడానికి నోరు రాకపోతే తిరుమయిలై స్టేషను దాకా రైల్లో తీసుకెళ్లి ఆ కాలువ చూపించు. "మా వాళ్లకు ఎన్ని మూటలిచ్చారో తెలియదు గానీ, ఇలాంటి కాలువ ఎంత తవ్వారో తెలుసు" అను.

ఈ ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక మళ్లీ కమిటీ కూర్చుంటోంది. బియ్యం సంచుల అచ్చుకు ఆర్డరు ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడు ఓటుకు పెడతాం. మాతో ఏకీభవించనివాళ్లు తప్పకుండా రండి. గుసగుసలాడకుండా అందరి ముందూ మాట్లాడండి. ఓడిపోతే ఓడిపోతాం, కానీ అచ్చు వేయించిన సంచి పట్టుకుని మాత్రం మేం ఫొటోలో నిలబడం.

ప్రభువు కృప మీ అందరికీ తోడై ఉండును గాక.